ఉత్తరంలో ఉన్న 26,000 మీ ఖర్చు కాదు తమ్ముడూ

టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి రాసిన తమ్ముడి ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను. అమ్మాయికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి యూటీ డల్లాస్, టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ: హాస్టలు, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 30,000 డాలర్లు. రెండోది ఒహాయోలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. అక్కడ మొత్తం ఖర్చు 84,000, కానీ అవీ ఇవీ తీసేశాక ‘మీరు కట్టవలసింది’ 26,000 అని ఉత్తరం వచ్చింది. అంటే చిన్న కాలేజీయే చౌక కదా అని ఈయన. ఎకనామిక్సూ ఇంగ్లిషూ చదివి ఏం సంపాదిస్తుందిరా అని వాళ్ల అన్నయ్య. రెండు వారాలుగా ఇంట్లో ఇదే పంచాయితీ అట.

నా సంగతి కూడా చెప్పాలి. మాది నూజివీడు దగ్గర పల్లె. 1998లో ఇక్కడికొచ్చాను. మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న కాలేజీలో, పిల్లలకిచ్చే సాయం, అప్పుల లెక్కలు చూసే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పదిహేనేళ్లు పనిచేశాను. మీకొచ్చిన ఉత్తరంలాంటివి నా చేతుల మీదుగా వేలల్లో వెళ్లాయి. అందుకే ముందు ఆ ఉత్తరమే చూద్దాం. జీతాల సంగతి తర్వాత.

మీరు పెట్టిన వరసలు ఇవి. మొత్తం ఖర్చు 84,000. ప్రెసిడెన్షియల్ స్కాలర్‌షిప్ 30,000. క్యాంపస్ ఉద్యోగం 2,500. ఫెడరల్ అన్‌సబ్సిడైజ్డ్ లోన్ 5,500. పేరెంట్ ప్లస్ లోన్ 20,000. మిగిలింది 26,000.

ఇందులో వాళ్లు ఇస్తున్నది ఒక్క 30,000 మాత్రమే. 2,500 మీ అమ్మాయి లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో పనిచేసి తెచ్చుకోవాల్సిన కూలి, అదీ ముందు చేతికి రాదు, గంటల లెక్కన వస్తుంది. 5,500 అమ్మాయి పేరు మీద అప్పు. పేరెంట్ ప్లస్ అన్న 20,000 ప్రభుత్వం దగ్గర మీ పేరు మీద అప్పు. అప్పును సాయం కింద రాసి, దాన్ని ఖర్చులోంచి తీసేసి చూపించడం మా రంగంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నేనూ ఆ కాగితాలే పంపాను, అది సరైనదని అప్పుడూ అనుకోలేదు. కారు షోరూములో అడ్వాన్సు మాత్రమే చెప్పి ‘ఇదే కారు ధర’ అంటే ఊరుకుంటారా? మీ అసలు ఖర్చు 84,000లోంచి 30,000 తీసేస్తే 54,000. పోల్చాల్సింది 30,000తో ఈ 54,000ని.

పైగా అది మొదటి ఏడాది లెక్క. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ 30,000 దగ్గరే ఆగిపోతుంది, ఫీజు ఆగదు. ఏటా 4 శాతం పెరుగుతుందనుకోండి (నా అనుభవంలో అది ఎక్కువేం కాదు): 84,000 రెండో ఏడు 87,360 అవుతుంది, మూడో ఏడు 90,850, నాలుగో ఏడు 94,490. స్కాలర్‌షిప్ తీసేస్తే నాలుగో ఏడు మీరు కట్టేది 64,000 పైమాటే. నాలుగేళ్లకీ కలిపి దాదాపు 2,36,700. యూటీ డల్లాస్ 3 శాతం పెరిగినా నాలుగేళ్లకు 1,25,500. తేడా లక్షా పదకొండు వేల డాలర్లు. అమ్మాయి ఇంటి నుంచే యూటీ డల్లాస్ ఉన్న రిచర్డ్‌సన్‌కు వెళ్లొస్తే హాస్టల్ ఖర్చు కూడా తగ్గి తేడా ఇంకా పెరుగుతుంది. అయినా పద్దెనిమిదేళ్ల పిల్లను నాలుగేళ్లపాటు ఆ హైవేల మీద తిప్పమని నేను చెప్పను.

మీరు గమనించారో లేదో, ఆ ప్లస్ లోన్ వరసలో ఇంకో గొయ్యి ఉంది. 2025లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునే పేరెంట్ ప్లస్‌కు పరిమితి పెట్టారు: ఒక బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000. ఏడాదికి 20,000 చొప్పున మూడేళ్లు తీసుకుంటే 60,000 అయిపోయింది. నాలుగో ఏడుకు మిగిలేది 5,000. సరిగ్గా ఖర్చు ఎక్కువయ్యే ఏడాదే అప్పు పుట్టదు. అప్పుడు ప్రైవేటు బ్యాంకు దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి. 2025-26లో ప్లస్ వడ్డీ 8.94 శాతం, ఆపైన ఇచ్చేటప్పుడే 4 శాతం పైచిలుకు ఫీజు కోసుకుంటారు. 65,000కు ఆ వడ్డీ మీద పదేళ్ల కిస్తీ వేసి చూశాను: నెలకు 820 డాలర్ల చొప్పున మొత్తం 98,000 దాటుతుంది. చదువు సాగినంతకాలం కట్టకుండా వాయిదా వేస్తే ఆ నాలుగేళ్ల వడ్డీ దీనికి అదనం. మీకు తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి కూడా ఉన్నాడన్నారు. వాడి కాలేజీ ఖర్చు మొదలయ్యేసరికి ఈ కిస్తీ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఒకేసారి ఇద్దరు కాలేజీలో ఉంటే ఇదివరకు ఫాఫ్సాలో (కాలేజీ సాయం కోసం ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు) కుటుంబం వాటా తగ్గించేవాళ్లు. 2024-25 నుంచి ఆ వెసులుబాటు కూడా తీసేశారు.

ఇక అన్నయ్యగారి ప్రశ్న. మనవాళ్లకు ‘ఆర్ట్స్’ అన్న మాట చెవిన పడగానే ఇంటర్లో హెచ్ఈసీ గ్రూపు గుర్తొస్తుంది. ఎంపీసీ, బైపీసీ రానివాళ్లు చేరేదని అప్పట్లో మనం వేసిన ముద్ర. ఇక్కడి లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అది కాదు. ఒకటిన్నర, రెండు వేలమంది పిల్లలుండే చిన్న కాలేజీ, పీజీ విద్యార్థులు దాదాపు ఉండరు, ప్రొఫెసర్లే పాఠం చెప్తారు, లెక్కలూ ఫిజిక్సూ కంప్యూటర్లూ అన్నీ ఉంటాయి. ఇంటెల్ పెట్టినవాళ్లలో ఒకడైన రాబర్ట్ నాయిస్ అయోవా మొక్కజొన్న చేల మధ్యనున్న గ్రినెల్ కాలేజీలో చదివాడు. కెమిస్ట్రీలో నోబెల్ తెచ్చుకున్న థామస్ చెక్‌ది కూడా ఆ కాలేజీయే. 2020లో జీన్ ఎడిటింగ్‌కు నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ పొమోనాలో. హార్వీ మడ్ పేరుకు లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అక్కడినుంచి బయటికొచ్చేది ఎక్కువగా ఇంజనీరింగ్, కంప్యూటర్లు, సైన్సు చదివినవాళ్లే. కాబట్టి ‘ఆర్ట్స్ చదివి ఏం చేస్తుంది’ అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ‘ఈ కాలేజీలో ఈ మేజర్ (ముఖ్య సబ్జెక్టు) చదివినవాళ్లు ఎంత సంపాదిస్తున్నారు, ఎప్పటికి’ అని అడగమనండి.

‘ఎప్పటికి’ అన్నదే ఇందులో అసలు విషయం. జార్జ్‌టౌన్ యూనివర్సిటీవాళ్లు 2020లో ఒక లెక్క కట్టారు. కాలేజీలో చేరిన రోజు నుంచి పదేళ్లకు, ఖర్చులు పోను చేతిలో మిగిలేదెంత అని చూస్తే, లిబరల్ ఆర్ట్స్ కాలేజీల మధ్యస్థ విలువ 62,000 డాలర్లు, అన్ని కాలేజీలదీ 1,07,000. అంటే పదేళ్ల దగ్గర ఇవి బాగా వెనకబడే ఉన్నాయి. అదే నలభై ఏళ్లకు లెక్కిస్తే లిబరల్ ఆర్ట్స్ 9,18,000, అన్నీ కలిపితే 7,23,000. అక్కడికొచ్చేసరికి ఇంజనీరింగ్, బిజినెస్ కాలేజీలతో దాదాపు సమానం. హార్వర్డ్ ఆర్థికవేత్త డేవిడ్ డెమింగ్ పరిశోధన కూడా ఇటువైపే చూపిస్తుంది: కంప్యూటర్లూ ఇంజనీరింగూ చదివినవాళ్లకు మొదట్లో జీతం చాలా ఎక్కువ, కానీ వాళ్లు నేర్చిన పనిముట్లు త్వరగా పాతబడటంతో మొదటి పదేళ్లలో ఆ తేడా సగానికి పైగా కరిగిపోతుంది.

ఈ అంకెలు చూపించి కాలేజీవాళ్లు మీటింగులు పెడతారు. నేనూ పెట్టాను. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. నలభై ఏళ్ల ఫలం గొప్పదే, కానీ అంతవరకూ ఇల్లు గడవాలి కదా. మా నాన్న నాలుగెకరాల్లో మామిడి వేశాడు. అయిదేళ్లు కాపు లేదు. ఆ అయిదేళ్లూ చెట్ల మధ్య పెసలూ మినుములూ వేసి ఇల్లు నెట్టుకొచ్చాడు. మా పక్క పొలం ఆయన అప్పు తెచ్చి తోట వేసి, నాలుగో ఏడు అమ్ముకున్నాడు. చెట్లు మంచివే, కాసిన ఏడాది కాయ వేరేవాళ్ల గంపల్లోకి వెళ్లింది. లిబరల్ ఆర్ట్స్ డిగ్రీని చేతిలో ఉన్న డబ్బుతో కొనండి, కళ్లు మూసుకుని కొనండి. నెలకు 820 కిస్తీతో కొంటే, జీతం తక్కువుండే ఆ మొదటి పదేళ్లే కిస్తీ కట్టే పదేళ్లవుతాయి.

ఆ జార్జ్‌టౌన్ అంకెల్లో ఇంకో మెలిక కూడా ఉంది. పెద్ద పేరున్న విలియమ్స్, ఆమ్హర్స్ట్ లాంటివీ, ఎవరికీ పేరు తెలియని చిన్నవీ ఒకే గంపలో ఉన్నాయి. ప్రవేశం కష్టమైనవి బాగా పైన ఉన్నాయి. అక్కడికెళ్లే పిల్లల్లో చాలామంది తర్వాత పైచదువులు చదువుతారు, ఆ జీతం డిగ్రీ వల్లా, లా వల్లా, ఎంబీఏ వల్లా అన్నది విడదీయడం కష్టం. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే పరిశోధకులు 2002లో ఒక తెలివైన పని చేశారు: పేరున్న కాలేజీలకు అప్లై చేసి, అవి వదిలి మామూలు కాలేజీలో చేరిన పిల్లలతో, అక్కడే చేరిన పిల్లలను పోల్చారు. జీతాల్లో పెద్ద తేడా కనపడలేదు. పిల్లలో సత్తా ఉంటే ఎక్కడైనా సంపాదిస్తుందన్నమాట. పేదింటి పిల్లలకూ, ఆ తర్వాతి అధ్యయనంలో నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకూ, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్ల పిల్లలకూ మాత్రం పేరున్న కాలేజీ వల్ల నిజమైన లాభం తేలింది. ఇది మనవాళ్లకు రుచించదు. అమ్మా నాన్నా ఇద్దరూ ఎమ్మెస్ చేసి, ఫోనులో యాభైమంది తెలిసినవాళ్ల నంబర్లున్న ఇంట్లో, కాలేజీ పేరు కోసం లక్ష డాలర్లు పెడితే తిరిగొచ్చేది తక్కువ.

మా ఇంటి లెక్క కూడా చెప్తాను, లేకపోతే నీతులు చెప్పినట్టుంటుంది. మా పెద్దమ్మాయి చిన్న కాలేజీలోనే చదివింది, బయాలజీ, ఫిలాసఫీ. స్కాలర్‌షిప్‌కు 3.25 జీపీఏ షరతు ఉందని నాకు తెలుసు, ఆ రంగంలోనే ఉన్నాను కదా! అయినా రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ దెబ్బకు 3.19కి వచ్చింది. ఒక సెమిస్టర్ గడువిచ్చి, తర్వాత సగం కోసేశారు. మిగిలింది మేమే కట్టాం. మొదటి ఉద్యోగం ఒక ల్యాబులో, 38,000. అదే ఏడాది మా ఆడపడుచు కొడుకు స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చేసి 85,000తో చేరాడు. ఇప్పుడు ఇద్దరికీ ముప్ఫై దాటాయి. తేడా చాలా తగ్గింది, కానీ ఇప్పటికీ వాడిదే ఎక్కువ. నలభైయ్యో ఏటికి ఏమవుతుందో అప్పుడు చూడాలి. మా పిల్ల రాసే రిపోర్టులు చూసి వాళ్ల ఆఫీసులో పై పని ఇచ్చారన్నది నిజమే. ఆ రాత పదిహేనుమంది కూర్చునే క్లాసులో, ఎర్ర సిరాతో నిండి తిరిగొచ్చిన కాగితాల మీద నేర్చుకుంది. దానికి ఎంత ధర కట్టాలో నాకు తెలియదు. కాలేజీ అయితే గట్టిగానే కట్టింది.

మీ అమ్మాయి లా స్కూల్ అంటోందని మధ్యలో ఒక మాటన్నారు. నా లెక్కలో తూకం తిప్పేది అదే. ఇందాక చెప్పిన 2025 చట్టమే, డిగ్రీ తర్వాతి చదువులకిచ్చే గ్రాడ్ ప్లస్ లోన్‌ను కొత్తవాళ్లకు ఎత్తేసింది. లా, మెడిసిన్ లాంటి చదువులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 దగ్గర ఆపేస్తారు. పేరున్న లా స్కూల్లో మూడేళ్లకు అది చాలదు. డిగ్రీ దగ్గర మిగిల్చిన లక్ష అక్కడ పనికొస్తుంది. అదే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తానని ఉంటే నా మాట వేరుగా ఉండేది. మంచి పీహెచ్‌డీకి ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు, చిన్న కాలేజీల నుంచి పీహెచ్‌డీకి వెళ్లేవాళ్ల పాళ్లు కూడా చాలా ఎక్కువ.

పక్కనే ఇంకో డబ్బు సంగతి: ఏపీ పరీక్షలు. (ఆంధ్రప్రదేశ్ కాదు బాబూ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు.) మీ అమ్మాయి ఎనిమిది రాసిందన్నారు. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో 3 వచ్చినా సాధారణంగా క్రెడిట్ ఇస్తారు. జాగ్రత్తగా వాడుకుంటే ఒక సెమిస్టర్, రెండు సెమిస్టర్లు కలిసొస్తాయి. చాలా లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు పై క్లాసులో కూర్చోనిస్తాయి గానీ నాలుగేళ్లు తగ్గించనివ్వవు.

నాకు ఫోన్ చేసే తెలుగువాళ్లలో సగంమంది అడిగేది ఒకటుంది: ‘అక్కా, కొల్లూరులో ప్లాటుంది, చూపించాలా?’ చూపించాలి. ఫాఫ్సాలో మీరుండే ఇల్లు లెక్కలోకి రాదు, కానీ ఇంకో చోట ఉన్న స్థలం, ఫ్లాటు ఏ దేశంలో ఉన్నా పెట్టుబడి కిందికే వస్తుంది. సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో దరఖాస్తు అడిగే కాలేజీలైతే ఉన్న ఇంటి విలువ కూడా అడగొచ్చు. సంతకం పెట్టేది మీరు. దాచి పట్టుబడితే పోయేది పిల్ల స్కాలర్‌షిప్. తల్లిదండ్రుల ఆస్తిలో ఫాఫ్సా లెక్కకు తీసుకునేది ఏటా గరిష్ఠంగా 5.64 శాతమే, పిల్ల పేరు మీద ఉంటే 20 శాతం. కాబట్టి అమ్మమ్మగారు ప్రేమగా మనవరాలి పేరు మీద వేసిన డిపాజిట్టే ఎక్కువ దెబ్బ కొడుతుంది.

పిల్లలు హెచ్-4 మీద (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) ఉన్నవాళ్లకు ఇదంతా వేరే కథ. ఫెడరల్ అప్పులు రావు. చాలా ప్రైవేటు కాలేజీలు విదేశీ విద్యార్థుల జాబితాలో వేసి చూస్తాయి. స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రంవాళ్లకిచ్చే తక్కువ ఫీజు, దొరకడం రాష్ట్రాన్ని బట్టి. ఇరవయ్యొకటి నిండగానే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. చదువయ్యాక పనిచేసుకోవడానికి ఓపీటీ 12 నెలలు, మేజర్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24. ఎకనామిక్స్‌ను చిన్న కాలేజీల్లో చాలావరకు ఇప్పుడు ప్రభుత్వ సబ్జెక్టుల జాబితాలో 45.0603 కోడ్ కింద, అంటే ఎకనామెట్రిక్స్ కింద నమోదు చేశాయి. అది స్టెమ్. సబ్జెక్టు పేరు ఒకటే అయినా కోడు మారితే రెండేళ్ల జీతం తేడా. కాలేజీ రిజిస్ట్రార్‌ను అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. హైదరాబాద్ నుంచే అప్లై చేసేవాళ్లు ఆమ్హర్స్ట్, బోడన్ లాంటివి చూడండి: విదేశీ పిల్లల విషయంలో కూడా సీటు ఇచ్చేటప్పుడు డబ్బు సంగతి చూడరు, ఇచ్చాక అవసరం మొత్తం తీరుస్తారు. రావడం మాత్రం మహా కష్టం.

కాలేజీ నిలబడుతుందా అన్నది కూడా చూడాలి, ఇది ఊరికే భయపెట్టడం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో వెల్స్ కాలేజీ, అలబామాలో బర్మింగ్‌హామ్-సదర్న్ రెండూ 2024లో మూతపడ్డాయి. రెండూ నూట యాభై ఏళ్లు దాటినవే. ఒక్కో విద్యార్థికి ఎండోమెంట్ (కాలేజీ దాచిన మూలనిధి) ఎంత పడుతుంది, గత అయిదేళ్లలో మొదటి ఏడాది చేరికలు తగ్గుతున్నాయా, విద్యాశాఖ ఇచ్చే ఆర్థిక బాధ్యత స్కోరు 1.5 కంటే పైన ఉందా, ఈ మూడూ అరగంటలో తేలిపోతాయి. జీతాలకు కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు దగ్గర ఆగకుండా ఎకనామిక్స్ మేజర్ వరకూ వెళ్లండి. అందులో ఫెడరల్ సాయం తీసుకున్న పిల్లల లెక్కే ఉంటుందని గుర్తుంచుకుని చదవండి.

ఇక నా సలహా. 54,000 దగ్గర, ఇద్దరు పిల్లలతో, లా స్కూల్ ముందున్నప్పుడు, నేనైతే యూటీ డల్లాస్ అంటాను. కానీ ఇప్పుడే కాదు. ప్రైవేటు కాలేజీలన్నీ కలిపి చూస్తే కొత్తగా చేరే పిల్లలకు ట్యూషన్లో సగటున సగానికి పైగా తగ్గిస్తున్నాయి. అవసరాన్ని బట్టి ఇచ్చేది కూడా అందులో కలిసే ఉంది. మీ ఉత్తరంలో ట్యూషన్ 64,000, తగ్గించింది 30,000. సగం కూడా కాదు. అంటే అడగడానికి చోటుంది. ఫోన్ చేసి గట్టిగా మాట్లాడితే పని కాదు. మా ఆఫీసులో అయిదు పేజీల ఆవేశం ఉత్తరాలు అడుగుకు వెళ్లేవి, ఒక పేజీ ఉత్తరం, వెనక కాగితాలు ఉన్నవి ముందు తీసేవాళ్లం. మీ ఆవిడకు పోయిన సంవత్సరం ఉద్యోగం పోయిందన్నారు కదా. ఫాఫ్సాలో ఉన్నది అంతకుముందు ఏడాది ఆదాయం. ఆ తొలగింపు లెటరు, ఇప్పటి పే స్టబ్బు, నాన్నగారి ఆపరేషన్‌కు విజయవాడ పంపిన డబ్బు బ్యాంకు రసీదులు, యూటీ డల్లాస్ ఆఫరు కాపీ, ఈ నాలుగూ జత చేయండి. ఎంత కావాలో అంకె రాయండి: ‘ఏడాదికి 14,000 పెంచితే మే 1 లోపు డిపాజిట్ కడతాం’. 40,000కు దిగి, ప్లస్ ముట్టుకోకుండా కట్టగలిగితే అమ్మాయిని ఒహాయో పంపండి, అన్నయ్యగారికి నేను సమాధానం చెప్తాను. 46,000 దగ్గర ఆగితే మళ్లీ ఇక్కడ రాయండి, అప్పుడు మీ నెల ఖర్చులు ముందేసుకుని చూద్దాం.

ఆ ఈమెయిల్ పంపేముందు ఉత్తరం రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘రెన్యువల్’ అని ఉంటుంది చూడండి. జీపీఏ ఎంత అడిగారు, తగ్గితే గడువిస్తారా, పోయిన స్కాలర్‌షిప్ తర్వాత మార్కులు పెరిగితే తిరిగిస్తారా? అక్కడున్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి.